దూరం మాత్రమే

చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే అనితకి శ్రీకాకుళం వినిపించదు. కింద ఏడురోడ్ల కూడలిలో ఆటోల హారన్లు, మెట్ల పక్కనున్న కళ్ళజోళ్ళ దుకాణం షట్టరు ఎత్తుతున్న మోత, అన్నీ నీళ్ళ అడుక్కి జారిపోతాయి. మిగిలేవి మోటారు గుడగుడ, తెప్ప అంచుకి తగిలి విరిగే నీటి చప్పుడు, ఆ రెండిటి మధ్య ఒక మనిషి గొంతు.

"గంగులు మాటాడతన్నాను. సముద్రం మంచిగున్నాది. నాలుగు కోనం సేపలు పడ్డాయి. ఎసరెట్టీయండి, వచ్చెస్తన్నాం."

అది ఆమె తండ్రి గొంతు. ఆ మాట కింద తెర మీద చిన్న అక్షరాలు: ఒడ్డుకి 14 కిలోమీటర్లు.

"రేవు" అనే ఆ యాప్‌లో గొంతుతో రికార్డు చేసి పంపే ప్రతి మాట కిందా అలా దూరం కనిపిస్తుంది. ఎక్కడున్నారో కనిపించదు, ఎంత దూరంలో ఉన్నారో మాత్రమే. అనిత సొంతూరు భావనపాడులో ఆడవాళ్ళకి అది చాలు. తెప్ప ఎక్కబోయే మనిషిని ఎక్కడికి అని అడగకూడదు. అడిగితే అతను వెనక్కి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాలి. కొందరైతే ఆ రోజు వేటే మానేస్తారు. అందుకని ఎవరూ అడగరు. ఫోన్‌లో అంకె తగ్గుతుంటే అన్నం వారుస్తారు. పెరుగుతుంటే గుమ్మంలోకి వచ్చి నిలబడతారు.

ఈ యాప్ తయారుచేసే ఆఫీసులో నలుగురే మనుషులు. అనిత అక్కడ కోడ్ రాస్తుంది, రాసినదాన్ని పరీక్ష చేస్తుంది. రోజూ పొద్దున్న తన ఊరి గ్రూపులో వచ్చిన మాటలు విని, గొంతు తేటగా వస్తోందో లేదో చూసుకుంటుంది. ఆ సోమవారం తండ్రి మాట అయ్యాక ఆపేద్దామనుకుంది. కానీ దాని పక్కనే శనివారం నాటి మాట ఉంది. అది దానంతటదే మొదలైపోయింది.

"సోములుని. అందరూ ఇనండి. మా రాతిగట్టు మీదకి పెద్దబోటు మూడోసారి వచ్చీసినాది. వలేసి అడుగంతా గీకీసినాది. ఆ గట్టు మా తెప్పలో ముగ్గురికి తప్ప ఎవులికీ తెల్దు. ఎలా తెలిసిందో ఇప్పుడు తెలిసిపోనాది. మా నాగబాబు ఇంట్లో వాగీసినాడు, తవిటమ్మ అన్న ఆ బోటు మీద పనికెల్తన్నాడు. తవిటమ్మే సెప్పినాది. ఇయ్యాల్టి నుంచి మా తెప్ప సేప తవిటమ్మ గంపలో పడదు. ఇంకెవులైనా ఏసినారంటే మాతో మాటుండదు."

నూట నలభై మూడు మంది విన్నారని కింద ఉంది. తర్వాత ఎవరిదో నవ్వు, ఎవరిదో సామెత, నోట్లో నువ్వుగింజ నానదని. ఆ తర్వాత తవిటమ్మ. "నాను సెప్పలేదు." రెండు సెకన్లు. దానికి ఎవరూ బదులివ్వలేదు.

అనిత హెడ్‌ఫోన్లు తీసింది. శ్రీకాకుళం మళ్ళీ పైకి తేలింది. తవిటమ్మ ఆమెకి పిన్ని, చిన్నాన్న నాగబాబు భార్య. సోములు పెదనాన్న. ముగ్గురు అన్నదమ్ముల తెప్ప అది. నీళ్ళ అడుగున చేపలు చేరే ఆ రాళ్ళ గట్టు వాళ్ళ ముగ్గురికే తెలిసిన చోటు.

ఆఫీసు మెయిల్ తెరిస్తే ఒక ఉత్తరం కనిపించింది. గరివిడి నుంచి భారతి అనే డిప్లొమా విద్యార్థిని రాసింది. "మా మేనమామ చేపల వ్యాపారి. ఆయన ఫోన్‌లో పాటలు వెతుకుతూ మీ యాప్‌కి సంబంధించిన గొంతు ఫైలు ఒకటి పొరపాటున నా కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నాను. దాని వివరాలు తెరిస్తే రెండు అంకెలు కనిపించాయి. మ్యాప్‌లో పెడితే సముద్రంలో ఒక చోటు చూపించింది. ఇలా వెళ్తుందని మాట్లాడిన మనిషికి తెలుసా? తెలియదేమో అనిపించి రాస్తున్నాను. నేను ఎవరికీ చెప్పలేదు."

అనిత ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివింది. ఫోన్‌కి తీగ తగిలించి తండ్రి మాటని కంప్యూటర్‌లోకి లాగింది. దాని వివరాలు తెరిచింది. నిడివి, తేదీ, వాటి కింద అక్షాంశం, రేఖాంశం. దశాంశం తర్వాత ఆరేసి అంకెలు. వాటిని మ్యాప్‌లో పెట్టింది.

తెరంతా నీలం అయిపోయింది. పేరు లేదు, గీత లేదు. మధ్యలో ఒక ఎర్రచుక్క. ఆ నీలాన్ని వేళ్ళతో చిన్నది చేస్తూ పోతే చాలాసేపటికి ఎడమ అంచున ఒడ్డు వచ్చింది. ఏ తెల్లవారో మంచులో నాన్న గేలం దించి కూర్చునే చోటు అది. పుట్టి ఇన్నేళ్ళూ ఆమె చూడనిది, అడగనిది. ఆఫీసు కుర్చీలో కూర్చుని పైనుంచి చూస్తోంది, పక్షిలాగా.

ఆ రెండు అంకెల్ని మాటలో పెట్టిన వరుస కోడ్‌లో ఎక్కడుందో వెతికింది. దొరికింది. దాని పక్కన రాసినవాళ్ళ పేరు ఉంటుంది. అనిత. పదకొండు నెలల కిందటి తేదీ. వరుస పైన తెలుగులో ఆమె రాసుకున్న గుర్తు: "అడగక్కర్లేకుండా".

దూరం లెక్క కట్టాలంటే చోటు కావాలి. అందుకని చోటునే మాటలో పెట్టి పంపింది. అవతలి ఫోన్ చోటుని చూసి, దూరం లెక్క కట్టి, దూరాన్ని చూపిస్తుంది. చోటుని చూపించదు. చూపించకపోవడమంటే దాచడమే అనుకుంది.

ఎదుటి బల్ల దగ్గర శ్రీనాథ్ కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఆ ఆఫీసు అతనిది. మేష్టర్ల ఇంట్లో పెరిగినవాడు కాబట్టి ఎవరు ఏం చెప్పినా చివరిదాకా వింటాడు. అనిత చెప్పిందంతా విన్నాడు. అనిత కుర్చీ వెనక నిలబడి ఎర్రచుక్క కేసి చూశాడు.

"ఫోటోల్లో కూడా వెళ్తోందా?"

"వెళ్తోంది సర్. ఫోటోలవీ నేనే రాశాను."

"ఎన్ని రోజుల్లో సరిచేయగలవు?"

"మూడు."

"అయితే మిగతా పనులన్నీ ఆపేద్దాం. ఆ గరివిడి అమ్మాయికి నేను జవాబు రాస్తాను, చాలా మంచి పని చేసింది." రెండడుగులు వేసి ఆగాడు. "అనితా, సరిచేసేదాకా బయట అనకు. తెలిస్తే మిగిలినవాళ్ళు కూడా తవ్వుకుంటారు."

"సరిచేశాక?"

అతను కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నాడు.

ఆ మూడు రోజులూ అనితకి నీళ్ళలో నడిచినట్టు గడిచాయి. నడిచిన జాడ ఉండదు, కాళ్ళు మాత్రం బరువు. దూరాన్ని పంపే ఫోన్‌లోనే లెక్క కట్టేలా మార్చింది. ఒక్క అంకె బయటికి వెళ్తుంది, పద్నాలుగు అనో, ఆరు అనో. చోటు పుట్టిన ఫోన్‌లోనే చచ్చిపోవాలి. రాసి, రెండు పాత ఫోన్లు తీసుకుంది. ఒకటి కిటికీ మీద పెట్టింది, ఒకటి చేతిలో పట్టుకుని వంతెన దాకా నడిచింది. నాగావళిలో నీళ్ళు ఇసుక మధ్య పాయలుగా పారుతున్నాయి. "అనిత మాటాడతన్నాను" అని చెప్పి పంపింది. తిరిగి వచ్చి కిటికీ మీది ఫోన్‌లోంచి ఆ మాటని లాగి విప్పి చూసింది. నిడివి, తేదీ, దూరం. ఇంకేమీ లేదు. మళ్ళీ వెళ్ళింది. ఫోటో తీసి పంపింది. ఆ ఫోటోలో చోటు ఉండిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది.

బుధవారం పాత మాటల పని. పదకొండు నెలల మాటలు సర్వర్‌లో ఉన్నాయి. ఒక్కొక్కటే తెరిచి, రెండు అంకెలు తీసేసి, మళ్ళీ మూసేసే చిన్న ప్రోగ్రాం రాసింది. అన్నిటి మీదా వదిలేముందు ఒకదాని మీద నడిపి చూడాలి. ఊరి గ్రూపులోంచి చిన్న మాట ఏదైనా చాలనుకుంది. రెండు సెకన్ల మాట చేతికి వచ్చింది.

చూడకూడదని తోచేలోపే చూసేసింది. తవిటమ్మ ఆ మాట ఇంట్లోంచి అనలేదు. చేపలు ఆరేసే చోటు నుంచి కూడా కాదు. ఎర్రచుక్క ఊరు దాటి, సరుగుడు తోట దాటి, ఇసుక చివర ఒంటరిగా ఉంది. ఆ రెండు ముక్కలు అనడానికి ఆవిడ అంత దూరం నడిచి వెళ్ళింది.

అనిత ప్రోగ్రాం నడిపింది. చుక్క మాయమైంది. గొంతు అలాగే ఉంది.

మధ్యాహ్నమంతా లెక్క తిరుగుతూనే ఉంది. ఇరవై వేలు, ముప్ఫై వేలు. ఒక్కో తెప్పా, ఒక్కో గట్టూ నీలంలోకి తిరిగి మునిగిపోతున్నట్టు ఆమె ఆ అంకెల్ని చూస్తూ కూర్చుంది. అయితే ఎవరైనా ఎప్పుడో కాపీ చేసి దాచుకున్న మాటలకి ఈ ప్రోగ్రాం అందదు. అవి వెళ్ళిపోయినట్టే.

గురువారం కొత్త రేవు సిద్ధమైంది. పాతది పనిచేయకుండా చేసి, అందరూ కొత్తది వేసుకునేలా పెట్టారు. ఏం మారిందో చెప్పే రెండు వాక్యాలు శ్రీనాథ్ టైపు చేశాడు: చిన్న లోపాలు సవరించాం. యాప్ ఇంకా వేగంగా పనిచేస్తుంది.

"ఇది చిన్నది కాదు కదా సర్."

"తలుపు వేసేశాం. ఇన్నాళ్ళూ తెరిచి ఉందని వీధిలో కేకలేస్తామా?"

"ఇంట్లో సామాను పోయింది సర్. ఎవరో ఒకర్ని దొంగ అన్నారు."

శ్రీనాథ్ ఆమె కేసి చూశాడు. అనిత ఆఫీసులో అంత పెద్ద మాట అనడం అదే మొదటిసారి. తవిటమ్మ సంగతి అప్పుడు చెప్పింది. అతను తెర మీది రెండు వాక్యాలూ మళ్ళీ చదివాడు.

"రేవు వాడే పదకొండు ఊళ్ళకీ ఏం చెప్పాలో వకీలుని అడిగి రాద్దాం, నాకు వారం కావాలి. మీ ఊరికి నువ్వు వెళ్ళి చెప్పు. సాంకేతిక లోపం అని చెప్పు. నీ పేరు ఎందుకులే. అక్కడ నీకు అమ్మా నాన్నా ఉన్నారు."

శుక్రవారం పొద్దున్న బస్సులో టెక్కలి దాకా, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళింది. నౌపడా దాటాక రెండు పక్కలా ఉప్పుమడులు. మంచు ఇంకా విడలేదు. తెల్లటి నేల మీద తెల్లటి గాలి, మధ్యలో ఒక మనిషి పారతో ఉప్పు లాగుతున్నాడు. ఏదీ ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. ఆటో కదులుతోందా, ఉప్పుమడులే వెనక్కి కొట్టుకుపోతున్నాయా అన్నట్టుంది. అనిత చెప్పవలసిన మాటల్ని పేర్చుకుంటూనే ఉంది. ప్రతిసారీ ఒక చోట ఆగిపోతోంది.

తవిటమ్మ ఇసుకలో పాత వల పరిచి నెత్తళ్ళు ఆరేస్తోంది. మునివేళ్ళతో ఒక్కోదాన్నీ ఎండవైపు తిప్పుతోంది. పక్కన గంప బోర్లించి ఉంది.

"ఏటి గుంటా, సెలవేటి?"

"కాదు పిన్నీ."

"అయితే నా పక్కన కూకోకు. మీ పెదనాన సూసినాడంటే నీకూ సేపాపీగలడు." నవ్వింది. కాకి వాలబోతే చెయ్యి విసిరింది. అనిత కూర్చుంది.

"చిన్నాన్న ఏమన్నాడు?"

"ఏటంటాడు. అన్న మాటయ్యాక మాటాడ్డు, అదీ ఆయన తెలివి. నా మీద కోపం లేదట. అన్నం తింతన్నాడు కదా, అది సాలట." ఇంకో చేప తిప్పింది. "ఎవులూ అడగలేదే అమ్మడూ. సెప్పినావా అని ఒక్కలడిగితే, లేదని సెప్పుదును. సెప్పినావు అన్నారు. దానికేటి సెప్తాం?"

అనిత నోరు తెరిచింది. అప్పుడే అల మీంచి తెప్ప ఒడ్డెక్కింది. మనుషులు లేచారు. తవిటమ్మ మాత్రం తల ఎత్తకుండా నెత్తళ్ళు తిప్పుతూ ఉండిపోయింది.

సోములు దిగి నడుముకి కట్టిన తువ్వాలు పిండుకుంటున్నాడు. గంగులు, నాగబాబు మోటారుని కర్రకి కట్టి భుజాల మీదకి ఎత్తుకున్నారు. కూతుర్ని చూసి గంగులు మోటారు దించేశాడు. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు గంపలతో నిలబడ్డారు.

"పెదనానా, ఒక సంగతి చూపించాలి." అనిత సోమవారం కాపీ తీసి ఉంచుకున్న తండ్రి మాట వినిపించి, మ్యాప్‌లో దాని ఎర్రచుక్క చూపించింది. "ఇది మీ గట్టు."

సోములు ఫోన్‌ని దూరంగా పట్టుకుని చూశాడు. "నీలం సూపించి గట్టంతావేటే? సముద్రమంతా నీలమే కదే."

"ఒడ్డున ఏ గుర్తులు చూసి గట్టుని పట్టుకుంటావో మనసులో అనుకో. ఇదిగో కొండ. ఇది నీళ్ళ టాంకు. ఇది తాటితోపు, ఇది సరుగుడు తోట. నువ్వే గీత గియ్యి."

సోములు చుట్టూ చూశాడు. "అటు తిరగండర్రా," అన్నాడు. ఆడవాళ్ళు నవ్వుకుంటూ అటు తిరిగారు. ఒకామె కళ్ళు మూసుకుంది. అతను ఉప్పు మరకల వేలితో కొండ కొన నుంచి నీళ్ళ టాంకు మీదుగా సముద్రంలోకి ఒక గీత లాగాడు. వేలు తడిగా ఉండి సగంలో జారిపోయింది. తువ్వాలుకి తుడుచుకుని మళ్ళీ లాగాడు. తాటితోపు నుంచి సరుగుడు తోట చివర మీదుగా ఇంకోటి.

రెండు గీతలూ ఎర్రచుక్క మీద కలిశాయి.

తండ్రి నేర్పింది, తండ్రికి తాత నేర్పింది, ఎవరూ ఎప్పుడూ కాగితం మీద పెట్టనిది. సోములు తెప్ప అంచు మీద కూర్చున్నాడు. అల వచ్చి అతని కాళ్ళు తడిపి పోయింది.

"ఇది మాటలో ఎల్తాదా?"

"వెళ్ళేది. నాన్న మాట్లాడినప్పుడల్లా వెళ్ళింది. గ్రూపులో చేపలు కొనేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో ఎవరు తీశారో తెలీదు. నిన్నటి నుంచి వెళ్ళదు. దూరం మాత్రమే వెళ్తుంది."

"ఎల్లిపోయింది తిరిగొస్తాదా?"

"రాదు పెదనానా."

సోములు తల ఊపాడు. "అయితే మిషన్ తప్పన్నమాట."

అనిత గొంతులో పేర్చుకున్న మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. "సాంకేతిక లోపం," అంది.

గంగులు ఊపిరి వదిలాడు. అతని మొహంలో ఏదో సర్దుకుంది. సోములు లేచి, అడ్డంగా పడుకున్న పెద్ద కోనాన్ని తోక పట్టుకుని ఎత్తి, ఇసుకలో నడిచి వెళ్ళి తవిటమ్మ బోర్లించిన గంప మీద పెట్టాడు.

"తీసుకో. మిషన్ తప్పట."

తవిటమ్మ చేపని చూసింది. బావ మొహం చూడలేదు. "నన్నన్నది ఇక్కడ కాదు బావా. ఫోన్లో అన్నావు. మా పుట్టింటోళ్ళు కూడా ఇన్నారు. ఫోన్లో సెప్పు."

ఆడవాళ్ళలో ఒకామె "సెప్పు సోములూ, నోరేటి పోదు," అంది. నాగబాబు భార్య కేసి చూసి, మళ్ళీ ఇసుక కేసి చూశాడు.

సోములు ఫోన్ తీశాడు. నొక్కాడు, దగ్గాడు, చెరిపేశాడు. మళ్ళీ నొక్కాడు. "సోములుని. గట్టు సంగతి తవిటమ్మ సెప్పలేదు. మిషన్ తప్పు. అంతే." పంపేశాడు. ఒడ్డున అక్కడొకటి, అక్కడొకటి ఫోన్లు మోగాయి. వలలు బాగుచేస్తున్నవాళ్ళ దగ్గర, తెప్పల నీడన పడుకున్నవాళ్ళ దగ్గర అదే గొంతు కాస్త ముందూ వెనకగా వినపడింది. సెప్పలేదు, సెప్పలేదు, సెప్పలేదు.

తవిటమ్మ అది పూర్తయ్యేదాకా విని లేచి నిలబడింది.

"మిషన్‌కి సేతులున్నాయేటి బావా? నన్నన్నప్పుడు పేరెట్టి అన్నావు. దీన్ని ఎవులో ఒకలు సేసుంటారు కదా, ఆలకి పేరు లేదేటి?"

"ఏదో కంపెనీది. అంత దూరం మనకెందుకు?" అన్నాడు గంగులు తొందరగా. "అమ్మా, ఎండెక్కుతన్నాది, ఇంటికి పద."

అనిత కదల్లేదు. పదకొండు నెలల కిందట ఈ ఇసుకలోనే ఒక్కో ఫోనూ తీసుకుని రేవు ఎక్కించింది. చోటు తెలుసుకోవడానికి అనుమతి ఇస్తారా అని ప్రతి ఫోనూ అడిగింది. చదవడం రానివాళ్ళ ఫోన్లు, చదివే ఓపిక లేనివాళ్ళ ఫోన్లు. అన్నిటి మీదా ఆమె బొటనవేలే అవునని నొక్కింది. ఎవరినీ అడగలేదు. తవిటమ్మ ఫోన్ గంప అడుగున సంచిలో ఉంటే, చేతులు తుడుచుకుని తీసి ఇచ్చింది, నువ్వే ఎయ్యి అమ్మడూ అని.

"నేనే పిన్నీ."

"ఏటి నువ్వే?"

"అది రాసింది నేనే. చోటు వెళ్ళేలా పెట్టింది నేనే. నీ ఫోన్‌లో వేసిందీ నేనే."

గంగులు మొహం తిప్పుకున్నాడు. సోములు కూర్చోబోయి, కూర్చోలేదు. ఎవరి గంపలోంచో నీళ్ళు ఇసుకలోకి కారుతున్నాయి.

తవిటమ్మ ఆమెని పైనుంచి కిందదాకా చూసింది, కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు. తిడుతుందని అనిత ఎదురుచూసింది. తిట్టలేదు. ఏడుస్తుందేమో అనుకుంది. ఏడవలేదు.

"ఎన్ని రోజుల నుంచి తెలుసు?"

"నాలుగు."

"నాలుగ్రోజులు." తవిటమ్మ ఆ మాటని నోట్లో తిప్పి చూసింది. "ఒక్క ఫోన్ సెయ్యలేదే."

తలుపు వేసేదాకా ఎవరితోనూ అనకూడదన్నది నిజమే. ఆ నిజం ఇక్కడ నిలబడలేదు.

తవిటమ్మ సంచిలోంచి తన ఫోన్ తీసి, చేతులకున్న పొలుసులు చీరకి తుడుచుకుని, గ్రూపు తెరిచి అందించింది. "నా దాంట్లోంచి సెప్పు. నీ గొంతుతో."

అనిత ఫోన్ అందుకుంది. బొటనవేలు పెట్టి నొక్కి పట్టుకుంది. తెర మీద ఎర్రగా సెకన్లు కదలడం మొదలైంది.

"నేను గంగులు కూతురు అనితని. రాతిగట్టు చోటు మాటల్లో వెళ్ళేలా చేసింది నేను. తెలీక చేశాను. తెలిసి నాలుగు రోజులైనా చెప్పలేదు. మీ అందరి చోట్లూ వెళ్ళాయి. ఇప్పుడు వెళ్ళడం లేదు. తవిటమ్మ పిన్ని ఎవరికీ ఏమీ చెప్పలేదు."

వేలు తీసింది. మాట వెళ్ళిపోయింది. ఒడ్డు పొడుగునా ఫోన్లు మళ్ళీ మోగాయి. ఆమె గొంతు దగ్గర్లో ఒకసారి, తెప్పల అవతల ఒకసారి, ఇంకా అవతల ఎక్కడో ఒకసారి మాట్లాడింది. అంత గొంతు తనదేనా అనిపించింది. నాగబాబు వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు. వలలు బాగుచేస్తున్నవాళ్ళు సూదులు ఆపి ఇటు చూశారు. గంగులు ఇసుకలో దించిన మోటారు పక్కనే కూర్చుండిపోయాడు.

తవిటమ్మ ఫోన్ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని తనూ మొదటినుంచి విన్నది. కళ్ళు చికిలించి విన్నది. విని ఫోన్ మళ్ళీ అనిత చేతిలో పెట్టింది.

"పేరు కాడ గాలి కొట్టీసినాది. ఎవులో ఒకల కూతురు అన్నట్టున్నాది. మల్లీ సెప్పు."

అనిత సముద్రానికి వీపు తిప్పి నిలబడింది. అరచెయ్యి గాలికి అడ్డం పెట్టి, ఫోన్‌ని నోటికి దగ్గరగా తెచ్చుకుని నొక్కింది.

"నా పేరు అనిత," అంది.